గడ్డివాములో జెర్రిపోతు

రేపల్లె,
12-7-1989.

చిరంజీవి సౌభాగ్యవతి లలితను అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ నేనూ, నాన్నగారూ, గేదే బాగానే ఉన్నాం. అక్కడ మీ ఇద్దరూ బాగున్నారని తెలిస్తేగాని నాకు ముద్ద దిగదు. అల్లుడిగారి చేత వెంటనే కార్డు వేయించు.

మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్టెక్కితేనే నొప్పి. బాపట్ల అత్తయ్య తైలం పంపింది. నీ కాళ్లకు నీరు దిగిందా? ఉప్పు తగ్గించు. పురిటికి బస్సులో రావద్దు. వరంగల్లు నుంచి రైల్లో తెనాలి దాకా రా, నాన్నగారు ఎదురొస్తారు.

ఇక మన గడ్డివాములో చేరిన జెర్రిపోతు సంగతి. అది తాచుకు మొగుడు కాదనీ, దాని జాతే వేరనీ, అందులోనే ఆడా మగా ఉంటాయనీ, ఎలుకల్ని తింటుంది గనుక చంపొద్దనీ రాశావు. మీ కాలేజీ పుస్తకంలోని పేరు ఇంగ్లీషులో బారెడు రాస్తే, పోస్టుమాను చేత చదివించబోయాను, అతనూ కూడబలుక్కోలేక వదిలేశాడు. మనం జెర్రిపోతు అంటాం, తెనాలి పిన్ని జెర్రిగొడ్డు అంటుంది. ఏ ఊళ్లో ఏ పేరన్నా అది తాచు మొగుడనే అందరూ చెప్పారు నాకు. మొగుడున్న చోటికి పెళ్లాం రాదా? నువ్వు పసిబిడ్డతో పడుకునే గదికి వాము పది అడుగుల దూరం, తల్లీ.

అది ఎటో వెళ్లిపోయిందని పోయిన కార్డులో రాశాను. అబద్ధం. పాలేరు సీమోను చేత నేనే కొట్టించాను.

"వద్దండి అమ్మగారూ, లలితమ్మగారు చంపొద్దన్నారు కదండీ" అంటూనే కర్ర తీశాడు. చచ్చాక చూస్తే, అది చుట్టుకున్న చోట పదకొండు గుడ్లు.

"ఇదేంటండీ, మొగుడుగారు గుడ్లు పెట్టారు!" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

గుడ్ల మీదున్న తల్లిని చంపించాను. ఆ ఉసురు నీ కడుపుకు తగులుతుందేమోనని ఒకటే దడ. నాన్నగారికి చెప్పలేదు. పుట్టలో పాలు పోశాను గానీ, అది తాచు కానప్పుడు ఆ మొక్కు దానికి చెందుతుందో లేదో!

గుడ్లు చిదమనివ్వలేదు. కుండలో తడి ఊక పోసి, అందులో ఉంచి వాములోనే పెట్టాను. దగ్గరికెళ్లాలంటే భయం, వెళ్లకపోతే మనసాగదు. నిన్న ఒకటి కాస్త సొట్టపడింది. బతికుందంటావా? నీళ్లు చల్లనా? పిల్లలైతే అక్కడే వదిలేస్తాను, ఎవర్నీ కర్ర ఎత్తనివ్వను.

తిట్టినా సరే, జవాబు రాయి. గుడ్ల సంగతి తర్వాత. నీ బిడ్డ కదులుతోందా? ముందు ఆ ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం వాకిట్లోనే ఉండే
మీ అమ్మ,
కాంతమ్మ.