స్పాంజి బండపై ఇనుప దంతె ఆపించుట గురించి

రేవు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: స్పాంజి బండపై దంతె పడవకు ఇచ్చిన అనుమతి రద్దు చేయుట, జరిగినదానిని "కుటుంబ కలహం" అని తమ కచేరీలో రాసుకున్నది కొట్టివేయుట.

1. నా భర్త సముద్రం అడుగుకు దిగి స్పాంజి కోయువాడు. నేను పడవలో ఉండి, గొట్టం గుండా ఆయనకు పంపుతో గాలి కొట్టుదానను. కోసేవారు స్పాంజి మొదలును బండకే వదిలి, కోసినదానిని రెండు చేతులా అక్కడే పిండుతారు. రాలిన తునకలు అంటుకుని మళ్లీ పెరుగును.

2. దంతె పడవ, పళ్లున్న ఇనుప చట్రమును మోకుతో అడుగున ఈడ్చుచు, అదే బండను గీకుచున్నది. స్పాంజి మొదలంటా పెకలిపోయి, అందులో కాపురమున్న పీతలు, చేపపిల్లలు నుజ్జగుచున్నవి. "అడుగున నష్టపడు ప్రాణి ఏదియు లేదు" అని తమరు అనుమతి కాగితంలో సెలవిచ్చియున్నారు.

3. మనిషి కింద ఉన్నాడని తెలుపు ఎర్ర బుడ్డి నీటిపై తేలుచుండగానే దంతె వచ్చినది. స్పాంజి పిండుతున్న ఆయన మోచేయి దాని పళ్లలో చిక్కినది. నేను మనిషిని పైకి లాగాను. చెయ్యి రాలేదు.

4. ఆ పడవ నడుపు సరంగు నా సొంత అన్న. మా పడవ నిండా నెత్తురు చూసి కూడా, "బావని పిండుతూ కూర్చోమని ఎవరన్నారే? చెయ్యి సైగ తాడు మీద ఉండాలిగా" అన్నాడు. అంతట నేను తెడ్డుతో అతని దవడ విరగగొట్టడమైనది. రెండో దెబ్బకు పళ్లు ఊడినవి. మూడోది పడకుండా అతని మనుషులు నన్ను పట్టుకున్నారు. దీనికి ఏ శిక్ష వేసినా సమ్మతమే. కుటుంబ కలహం మాత్రం కాదు. అంతకుముందు మా మధ్య చిన్న పొరపొచ్చమైనా లేదు.

5. ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోమని తమ గుమాస్తా నన్ను గుమ్మంలోంచే పంపివేసినాడు. మా ఆయన ఇప్పుడు ఒంటిచేత్తో కోయగలడు గాని పిండలేడు. కనుక ఇకమీదట నేను దిగుతాను, పంపు ఆయన కొడతాడు.

కావున సోమవారం లోపు అనుమతి రద్దుచేయ ప్రార్థన. ఇది గుమాస్తా కాక తమరే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్పాంజి కోసేవాని భార్య

తా.క. అయ్యా, అన్నయ్య దవడకు కట్టుతోనే సోమవారం దంతె వేస్తాడట. "నువ్వు కిందున్నా సరే, నా దగ్గర కాగితం ఉంది, ఆపను" అని కబురంపాడు. నేను కిందే ఉంటాను, కత్తితో. దంతెను లాగుతూ బిగిసి ఉన్న మోకును కోస్తే అది పడవ మీదికి వెనక్కి కొట్టి మనిషిని నడుముకి విరిచేస్తుంది. దాని పక్కన ఎప్పుడూ నిలబడేది అన్నయ్యే. నాకు తోడబుట్టినవాడు ఒక్కడే. కోపం వస్తే నా చెయ్యి ఆగదు, పైన రాశానుగా. నా చేత ఆ పని చేయించకండి.