తాబేలును మళ్లీ తొట్టిలో వేయొద్దు

సువార్తా,

తాబేలు మందు అయిపోయింది. ఆళ్లగడ్డలో దొరకలేదు, నంద్యాలకు పోతున్నాను. నువ్వు బడిలో పాఠాలు చెప్పి రాగానే మిద్దె మీదున్న తాబేలు గంపను లోపలికి తెచ్చుకో. పొద్దు వాలితే దానికి చలి. ముక్కు దూదితో తుడువు. వెడల్పు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచు, తల మునగకూడదు. తర్వాత మందారాకు పెట్టు. పొద్దున నేను పెడితే తల లోపలికి లాక్కుంది. నీ చేత్తో పెడితే తింటుంది.

మీ అత్త పోయాక దాన్ని నీళ్లతొట్టిలో వేసింది నేనే. తాబేలంటే నీళ్లలోనే ఉండాలనుకున్నాను. ఇది నేల మీద బతికే రకమని డాక్టరు చెప్పేదాకా తెలియదు. "తాబేలుకు జలుబేందీ, నీకేం పన్లేదా?" అని నేను అరుస్తున్నా, నువ్వు దాన్ని ఒడిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కావు. "కాలవలో వదిలేయ్ నాయనా" అన్నాడు నా కొడుకు. నీ మొగుడైనా సరే, ఆ మాట నేను మరవను.

మీ అత్త ఉన్నన్నాళ్లు "నువ్వు ముట్టుకోవాకు" అని నిన్ను దాని దగ్గరికి రానివ్వలేదు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. అది తప్పే. తాబేలు ఈ రోజు ఊపిరి పీలుస్తోందంటే నీ వల్లే. ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పడం నాకు చేతకాదు.

మీ మామ

ఎవరూ లేనప్పుడు మీ అత్త దాన్ని "బుడ్డమ్మీ" అని పిలిచేది. పిలవగానే అది తల బయటికి పెట్టేది. ఆ పేరు ఇన్నాళ్లూ నేనెవరికీ చెప్పలేదు. నువ్వు పిలువు.