డమ్మీ తూటా

శనివారం, క్యారీ (అమెరికా)

"దగ్గరుండి రైఫిల్ షూటింగ్ నేర్పిస్తా అన్నయ్యా" అని నా తోడల్లుడు సూర్యం ముప్పై ఏళ్ల కిందట మాటిచ్చాడు. నేర్పింది లేదు. "త్రీ నాట్ ఎయిట్ తూటా పిల్లలకి, మగాడికి థర్టీ ఆట్ సిక్సే" అని పెద్ద రైఫిల్ కొనిపించి వదిలేశాడు. నా గురి తప్పినప్పుడల్లా విందుల్లో అందరి ముందూ "అన్నయ్యకి చెయ్యి వణుకు" అని నవ్వేవాడు. నేనూ నమ్మాను. తూటాల మీద అన్ని పుస్తకాలు చదివీ నమ్మాను.

రెండు తూటాల్లోనూ గుండు లావు ఒకటే. రెండోదాని తొడుగు కాస్త పొడవు, అందులో పేలుడు మందెక్కువ, అందుకే భుజాన్ని గట్టిగా తంతుంది.

ఇవాళా గురి తప్పితే రైఫిల్ అమ్మేద్దామనుకునే షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. మనవరాలు అనిక నాకు చెప్పకుండా నా రైఫిల్లో మందులేని డమ్మీ తూటా పెట్టింది. ట్రిగ్గర్ నొక్కాను. పేలలేదు. కానీ నేను కళ్లు మూసుకుని ఎగిరిపడ్డాను.

"తాతా, బుల్లెట్ లేకుండానే జంప్ చేశావ్!"

"చెయ్యి వణికిందా?"

"నో, చెయ్యి ఫైన్. నీకు కిక్ అంటే భయం, అంతే."

తన త్రీ నాట్ ఎయిట్ ఇచ్చింది. అయిదింట్లో నాలుగు అరచేయంత చోటులో పడ్డాయి.

"ఏది తగిలిందో జింకకి తెలీదులే తాతా" అంది.

ఈసారి జింకల వేట సీజన్‌కి ఇక అదే. ఎన్నాళ్లకో మనసు తేలికపడింది. ఇన్నేళ్లూ నా చేతిని తిట్టుకున్నాను, పాపం దాని తప్పేమీ లేదు. తప్పంతా సూర్యానిది.