అదురుకి పడిన సొట్టలు

మలికిపురం,
12 నవంబరు 2024.

చిరంజీవి నాగసతీష్‌కి నానమ్మ దీవెనలు.

ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ నువ్వూ, నీ భార్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ కారు కులాసాగా లేదు గానీ, నువ్వు చెప్పుకున్నంత ఘోరంగానూ లేదు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు. ఉత్తరమైతే నీకు తీరిక దొరికేదాకా ఆగుతుంది.

పోయిన మంగళవారం కాలవ వంతెన దిగుతూ ఆటో వీరబాబు చెయ్యి చూపించకుండా బండి తిప్పాడు. నీ కారు ముందు ఎడమ మూల తగిలింది. తప్పు తనదేనని అతనే ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం మాణిక్యాలరావు గారి అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని, కారు బాగుచేయించే ఖర్చు వీరబాబు పెట్టుకోవాలనీ, డబ్బు ముట్టేదాకా ఆటో మన వాకిట్లో ఉండాలనీ తేల్చారు. ఇలాంటివి పోలీసు స్టేషన్ దాకా వెళ్ళకుండా తీర్చుకోవడం మన వైపు మామూలే. అంతవరకూ నాకు అభ్యంతరం లేదు. నువ్వు హైదరాబాదు బస్సెక్కుతూ, కారు రాజోలు గ్యారేజీలో చూపించి ఎస్టిమేట్ కాగితం మాణిక్యాలరావు గారికి ఇమ్మన్నావు. అరుగు మీద నువ్వు ఏ అంకె చెప్పావో మాత్రం నాతో అనలేదు. నేనూ అడగలేదు.

వీరబాబు రోజూ పొద్దున్నే వస్తున్నాడు. నా దగ్గర ఆటో తాళం అడిగి తీసుకుంటాడు. బ్యాటరీ దిగిపోకుండా ఇంజను కాసేపు తిప్పి, అద్దం తుడిచి, తాళం మళ్ళీ నాకిచ్చి వెళ్ళిపోతాడు. రొయ్యల ఫ్యాక్టరీకి ఆడవాళ్ళను దింపే ట్రిప్పు అతనిది. ఈ ఆదివారం లోగా బండి రోడ్డెక్కకపోతే ఆ ట్రిప్పు వేరేవాళ్ళకి పోతుందట. ఈ మాట అతను చెప్పలేదు. అతని భార్య తులసి చెప్పింది, అదీ గేటు బయట నిలబడి. లోపలికి రమ్మంటే, "పర్లేదండీ, ఇక్కడే బావుందండీ" అంది.

నిన్న పక్కింటి అమ్మిరాజు చేత కారు తోలించుకుని రాజోలు వెళ్ళాను. గ్యారేజీ యజమాని రాజేంద్రప్రసాద్ ఎదురొచ్చి, కుర్చీ వేయించి, కూల్‌డ్రింక్ తెప్పించాడు. అతిథి మర్యాద చూసి ముందు సంతోషించాను. కాగితం చూశాక అర్థమైంది. కారు ఇంకా గేటు బయటే ఉంది, కాగితం మాత్రం లోపల సిద్ధంగా ఉంది. కొత్త బంపరు, కొత్త హెడ్‌లైటు, కుడి డోరుకి సొట్టలు తీయడం, డిక్కీకి రంగు. మొత్తం నలభై రెండు వేలు.

ఆటో తగిలింది ముందు ఎడమ మూలకి కదా, డిక్కీ ఎందుకు సొట్టపడిందయ్యా అని అడిగాను. "అదురండీ. ముందు తగిలిన దెబ్బ అదురు వెనకదాకా పాకుద్దండీ" అన్నాడు, నవ్వకుండా.

"అలాగైతే ఆ అదురుకి నీ కొట్టు షట్టరు కూడా వంగి ఉంటుంది, అదీ రాసుకో" అన్నాను.

అమ్మిరాజు అటు తిరిగి దగ్గాడు. నేను లేచి డిక్కీ సొట్టలో వేలు పెట్టి రుద్దాను. తుప్పు రాలింది. వారం కిందటి దెబ్బకి అంత తుప్పు ఎక్కడిది? కుడి డోరు మీద గీతలో అయితే ఎవరిదో పసుపు రంగు ఇంకా అంటుకుని ఉంది. వీరబాబు ఆటోకి పసుపు లేదు.

అప్పుడు రాజేంద్రప్రసాద్ గొంతు తగ్గించి, "మీకు తెలియందేవుందండీ పంతులమ్మ గారూ. ఎవరు కడతన్నారన్నదాన్ని బట్టే ఎస్టిమేట్ అండీ. ఇన్సూరెన్సయితే ఒక రేటు, మీ జేబులోంచయితే ఒక రేటు. ఇది అవతలోడి డబ్బు కదండీ, మీకెందుకండీ బెంగ. మనవడుగారు నలభై రెండుకి సరిపెట్టమని ఫోన్ చేసేరండీ, ఆయ్" అన్నాడు. ఏదో ఉపకారం చేస్తున్నట్టే చెప్పాడురా. తాగిన కూల్‌డ్రింక్‌కి డబ్బులిచ్చేస్తానంటే వద్దన్నాడు. బల్ల మీద పెట్టి వచ్చాను.

వచ్చేముందు అక్కడే కూర్చుని, ఆ మూల ఒక్కటే చూసి మళ్ళీ రాయమన్నాను. బంపరు మార్చక్కర్లేదు, అతికించి రంగు వేస్తే చాలు. లైటు పగల్లేదు, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు విరిగింది. కూలితో సహా ఆరువేల ఎనిమిది వందలు. సంతకం పెట్టడానికి అతని చెయ్యి రాలేదు. పెట్టేదాకా నేను కుర్చీ వదల్లేదు.

సతీష్, నాకు కోపం వచ్చి ఉంటే ఈపాటికి తగ్గేది. ఇది కోపం కాదు. రోత. నువ్వు హైదరాబాదులో ఎక్కడెక్కడో తగిలించుకున్న సొట్టలన్నీ దాచుకుని వచ్చి, ఒక ఆటోవాడు దొరికాడని అతని చేత సాపు చేయించుకుందామనుకున్నావు. డబ్బు లేక చేసినా పోనీ అనుకునేదాన్ని. నీకు ఆ నలభై రెండు వేలు ఒక నెల ఇంటి వాయిదాకి చాలవు. నిన్న రాత్రి నీ ఫోటో ఉన్న గదిలో పడుకోబుద్ధి కాలేదు. హాల్లో పడుకున్నాను.

ఈ కొత్త కాగితం మాణిక్యాలరావు గారికి ఇస్తాను. అంతకంటే ముందు నువ్వే ఆయనకి ఫోన్ చేసి, తప్పు అంకె చెప్పానని నీ నోటితో ఒప్పుకుంటే నాకు కాస్త ఊపిరాడుతుంది. కాగితం మారిందని రాజేంద్రప్రసాద్ ఈపాటికి నీకు ఫోన్ చేసే ఉంటాడు. రేపు సాయంత్రం దాకా చూస్తాను.

ఆశీస్సులతో,
నానమ్మ
అమ్మాజీ

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చేయకుండా ఒక రోజు ఆపాను. నువ్వు ఫోన్ చేయలేదు. సాయంత్రం కాగితం పట్టుకుని నేనే వెళ్ళాను. మాణిక్యాలరావు గారు తెల్లబోయి, "అదేంటండీ, నలభై రెండని మీరే లెక్కేసేరని చెప్పేడు కదండీ మీ మనవడు" అన్నారు. కారు ఆ రోజు అరుగు ఎదురుగానే ఉందట. ఒక్కరూ లేచి చూడలేదట. "పంతులమ్మ గారేసిన లెక్కని మేం మళ్ళీ చూడ్డవేంటండీ, బాగోదు కదండీ" అన్నారు. వీరబాబు ఏదో అడగబోయి, నా పేరు వినగానే ఆటో తాళం తీసి అరుగు మీద పెట్టేశాడట.

అతన్ని పిలిపించి, అందరి ముందూ ఆ లెక్క నాది కాదని చెప్పి, ఆటో ఇప్పించేశాను. ఆరువేల ఎనిమిది వందలూ వాయిదాల్లో కడతానన్నాడు. కట్టనీ, అది అతను కట్టవలసిందే. నీ కారు ఇక్కడే ఉంటుంది. నువ్వు వచ్చి, అదే అరుగు మీద కూర్చుని, నా పేరు ఎలా వాడుకున్నావో చెప్పి తీసుకెళ్ళు.

ఇంకొక్క సంగతి. నేను వచ్చేస్తుంటే మాణిక్యాలరావు గారు కళ్ళజోడు పెట్టుకుని, నేనిచ్చిన కాగితం పట్టుకుని నా వెంట మన వాకిట్లోకి వచ్చారు. కారు చుట్టూ తిరిగి, వంగి, ఒక్కొక్క పద్దూ సరిచూసుకున్నారు. ఆయన చేసింది సబబే. నేను పక్కన నిలబడి, అయ్యేదాకా ఆగాను.