అతిథి మాట్లాడకూడదట

మే 2015, బుధవారం రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. ఈ ఊరి కరెంటు ఆఫీసుని మస్కట్ కంపెనీకి అప్పగించాలా వద్దా అని మునిసిపల్ మండలి ఇవాళ అందరినీ పిలిచింది. ఆసుపత్రి డ్యూటీ దిగి నర్సు యూనిఫాంలోనే వెళ్ళాను. లైన్‌మన్ రహమత్ భాయ్ పొద్దున అన్న మాటే చెవిలో మోగుతోంది: "ఈ ఆఫీసు మూసేస్తే, వైరు తెగినా మస్కట్ నుంచే మనిషి రావాల సిస్టర్." మరి ఇళ్ళలో ఆక్సిజన్ మిషన్ల మీద బతుకుతున్న నా పేషెంట్ల సంగతేంటి? అదే అడుగుదామని లేచాను. మండలి పెద్దాయన నవ్వుతూ, నాకర్థమయ్యేలా హిందీలో చెప్పి ఆపేశాడు.

"సిస్టర్, ఆప్ మెహ్మాన్ హై. బైఠియే, కహ్వా పీజియే."

అతిథినట, కూర్చుని కాఫీ తాగాలట! ఇన్నేళ్ళుగా వీళ్ళ పుండ్లు కడుగుతున్న అతిథిని. ఇంతలో అందరూ చేతులెత్తారు. ఆఫీసు కంపెనీ పాలైంది.

బయట చెప్పులేసుకుంటుంటే ఆ పెద్దాయనే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"సిస్టర్, లైట్ గయా తో అమ్మీ కా ఆక్సిజన్ మిషన్ కిత్నీ దేర్ చలేగా?"

కరెంటు పోతే వాళ్ళమ్మ మిషన్ ఎంతసేపు నడుస్తుందని! లోపల నన్ను అడగనివ్వని ప్రశ్న అదే! "ఒక్క నిమిషం కూడా నడవదు" అన్నాను.

కోపం ఆయన మీద. ఆ ముసలమ్మ ఏం చేసింది? రేపు స్పేర్ సిలిండర్ ఒకటి పట్టుకెళ్ళాలి.