నీ తమ్ముణ్ణే పిలిచాను, బావా

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నా పేరున ఆరోగ్య బీమా తీసుకుందామని నీ తమ్ముణ్ణే ఏజెంటుగా పిలిచాను. ద్రాక్షతోటలో బోరునీళ్ల దగ్గర మీ ఇద్దరికీ గొడవైన తర్వాత అతను చిన్నమనూరులో మన గడప తొక్కడం ఇదే మొదలు.

"తేని టౌనులో అంతమంది ఏజెంట్లు ఉండారే, నన్నేల పిలిస్తివి వదినె?" అన్నాడు.

"ఏ ఏజెంటు వచ్చినా మీ అన్న, 'మా తమ్ముడుండాడు, వేరేవాళ్లు వద్దు' అని పంపించేసేవాడు. నేనూ అట్లనే చేసినా" అన్నాను.

అతను పెన్ను కింద పెట్టాడు.

"ఒక్క ఫోను చేసుంటే పరుగెత్తుకోని వచ్చుందునే" అన్నాడు.

అతన్ని పిలవమని ఎన్నిసార్లు చెప్పాను నీకు! కోత అయిపోనీ, చూద్దామనేవాడివి.

వెళ్తానంటున్నా వినకుండా అన్నం పెట్టాను. నీ చోట కూర్చోమంటే కూర్చోలేదు. గోడవారన కూర్చుని తిన్నాడు.