ఒక కుండీ, ఒక మొక్క

మార్చి 2, ఉదయం 7.
ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడు నెలలు. నిన్న మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగాను. కిటికీ గట్టు. అత్తయ్య కుట్టుమిషను పక్కది. ఇల్లంతటికీ ఎండ పడేది అక్కడొక్కచోటే. టమాటా మొక్క పెంచుకుంటానన్నాను. అత్తయ్యకు వినపడలేదు. మళ్లీ అన్నాను.

"ఒక్క కుండీ. ఏప్రిల్ ఆఖరుకి పూత కనిపించాలి. లేకపోతే గట్టు ఖాళీ చెయ్యాలి" అన్నారు, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే.

ఆడపడుచు తొమ్మిదో తరగతి. సైన్సు పుస్తకం తెచ్చి చదివింది. నా చదువు ఐదుతో ఆగింది కాబట్టి నెమ్మదిగా చదివింది. ఏ ప్రాణి అయినా బతకగలిగినవాటికన్నా ఎక్కువ పిల్లల్నే కంటుందట. చోటు, నీరు, వెలుతురు అందరికీ చాలవు. పోటీ పడతాయి. బలంలేనివి పోతాయి. అందుకని మొలిచాక గట్టిదొక్కటి ఉంచి మిగతావి పీకెయ్యాలట.

తీర్మానం: ఒక కుండీ, ఒక మొక్క. జాలి పనికిరాదు.
గింజలు: ఒక పండులోవి, అన్నీ.

మార్చి 10.
మొలిచాయి! ముప్ఫై ఒకటి. పీకడం రేపటి నుంచి.

మార్చి 14, ఉదయం 6.30.
పీకాను. ఒకటి. అన్నిట్లోకీ చిన్నది, మెడ వంకరది.
6.40. వేరు చూశాను. తెల్లగా, వెంట్రుకంత. పాత గాజుగ్లాసులో మట్టి వేసి అందులో పెట్టాను. ఇది కూడా పీకడం కిందే లెక్క. కుండీలోంచి పోయింది కదా.

మార్చి 22.
కుండీలో ఒకటే మొక్క. తీర్మానం నెరవేరింది!
కుండీ బయట: డబ్బాలు పదకొండు, గ్లాసులు తొమ్మిది, కోసిన సీసాలు ఆరు, ఆడపడుచు జామెట్రీ పెట్టెలో మూడు, ఆయన గడ్డం గీసుకునే కప్పులో ఒకటి. కప్పు కనిపించిందా అని ఆయన అడిగారు. వెతుకుతానన్నాను.

మార్చి 30.
గట్టు నిండిపోయింది. మిషను బల్ల అంచు కూడా వాడుకుంటున్నాను, అత్తయ్య భోజనానికి లేచినంతసేపే. ఈమధ్య ఆవిడ భోజనం త్వరగా అయిపోతోంది.

ఏప్రిల్ 6.
ఆకుల వెనక పేనుబంక పురుగులు. పచ్చగా, ఆవగింజలో సగం. ఆడపడుచు టీచరమ్మని అడిగి వచ్చింది. వీటికి మగతోడు అక్కర్లేదట. ఆడదే పిల్లల్ని కంటుంది, వారం తిరక్కుండా ఆ పిల్లలూ కంటాయి. అన్నం తింటున్న ఆయన ఆగి, మళ్లీ చెప్పమన్నారు. చెప్పింది. 
సబ్బునీళ్లతో తుడుస్తున్నాను, ఆకు ఆకూ. రోజూ ఐదు నుంచి ఏడు దాకా.

ఏప్రిల్ 15.
అన్నీ సన్నగా, పొడుగ్గా సాగాయి. వెలుతురు కోసం అద్దానికేసి మెడలు చాచాయి. ఒకదాని నీడ ఇంకొకదాని మీద. వాటన్నిటి నీడా మిషను మీద. అత్తయ్య ఎవరిదో జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేశారు. విప్పి మళ్లీ కుట్టారు. ఏదైనా అంటే బాగుండేది.
రేపు పీకుతాను. నిజంగా.

ఏప్రిల్ 16.
మబ్బు. మబ్బురోజు పీకితే పాపం.

ఏప్రిల్ 19.
ఆదివారం.

ఏప్రిల్ 30.
గడువు. పూత: సున్నా.
అత్తయ్య చెత్తబుట్ట తెచ్చారు. మొదట చేతికి వచ్చింది మెడ వంకరదే.

"ఇదెలాగూ బతకదమ్మాయ్. దీనికోసం మిగతావాటి నోరు కొడతావా?"

వినపడేలా అన్నాను: "మేం ఆరుగురం అత్తయ్యా. నేను ఐదోదాన్ని, అందర్లోకీ బక్కదాన్ని. మా అమ్మ ఈ పుస్తకం చదివి ఉంటే మొదట పీకేది నన్నే."

ఆడపడుచు పుస్తకం మూసేసింది. అత్తయ్య నోట్లోని గుండుసూదులు తీసి ఒక్కొక్కటే సూదుల దిండుకి గుచ్చారు. అన్నీ అయ్యాక, "నేను తొమ్మిదోదాన్ని" అన్నారు.

మెడ వంకరదాన్ని మిషను బల్ల మీద పెట్టుకున్నారు. కుండీ జోలికి వెళ్లలేదు. మిగతావి బట్టలకోసం వచ్చేవాళ్లకి తలా ఒకటి ఇవ్వాలట. ఎలా పెంచాలో కూడా చెప్పాలట. నేనే, నోరు తెరిచి.

మే 9.
ఇరవై తొమ్మిదీ వెళ్లిపోయాయి. బట్టలు కుట్టించుకునే నర్సమ్మ రెండు పట్టుకెళ్లింది. బస్సు కండక్టరు భార్యతో పావుగంట మాట్లాడాను. పేనుబంక గురించి. ఆవిడ కూడా మళ్లీ చెప్పమంది.
గట్టు మీద కుండీ ఒక్కటే. మిషను మీద ఎండ.

మే 17.
పూత! కుండీలోదానికి. చోటూ వెలుతురూ దొరికాక ఎనిమిది రోజులే పట్టింది. పుస్తకం చెప్పిందే నిజం. ఆ మాట ఆడపడుచుతో అనలేదు.
మెడ వంకరది ఇంకా ఉంది. పూత లేదు. అత్తయ్య దానికి తన మంచినీళ్ల గ్లాసులోంచి పోస్తున్నారు, నేను చూడటం లేదనుకుని.

జులై 3, ఉదయం 7.
మొదటి పండు కోశాను. నలుగురం తలా ముక్క. గింజలు దాచాను.
తీర్మానం: ఒక కుండీ, ఒక మొక్క. ఈసారి వేసేదే ఒక్క గింజ.
7.10. వేశాను.
7.15. అది మొలవకపోతే? ఇంకొకటి వేశాను.
7.30. మిగతావి కూడా.
అత్తయ్య మిషను తొక్కుతూనే, తలెత్తకుండా అన్నారు: "గ్లాసులు కడిగి పెట్టానమ్మాయ్."